ఆషాఢంలో పెన్ డ్రైవ్

పెళ్ళయ్యాక మొదటి ఆషాఢం వచ్చిందంటే కొత్త కోడలు పుట్టింటికి వెళ్ళాల్సిందే. ఆ నెలంతా అత్తా కోడలూ ఒకే గడప దాటకూడదు, అల్లుడు అత్తగారింటి గడప తొక్కకూడదు. ఎందుకని అడిగితే మా వైపు ఎవరూ చెప్పరు, అడిగినదాన్ని ఎగాదిగా చూస్తారు. నేను అడిగాను. మా నానమ్మ నన్ను అలాగే చూసి, "మొగుణ్ణొదిలి ఒక్క నెల ఉండలేనంటే చెప్పు, ఊళ్ళో దండోరా వేయిత్తా" అంది. ఇక నేను నోరెత్తుతానా?

ఉండలేనన్న సంగతి అప్పటికి నాకే తెలియదు. వైశాఖంలో పెళ్ళయింది. నల్లపాడు స్టేషను అవతల అద్దె ఇంట్లో మా అత్తగారు, ఆయన, నేను. ఆ మనిషి ఎలాంటివాడో ఒక కొస పట్టుకుని లాగుతున్నాను, ఇప్పుడిప్పుడే చిక్కు విడుతోంది అనుకునేసరికి ఆషాఢం వచ్చి పడింది. మా నాన్న వచ్చి నన్ను బస్సెక్కించారు. పెన్ డ్రైవులు తాడుకు కట్టుకుని మెడలో వేసుకు తిరిగే రోజులవి. బస్సు కదిలాక చూసుకుంటే ఆయన పెన్ డ్రైవ్ ఒకటి నా బ్యాగులో ఉంది. ఆయనే వేశారో, బట్టల్లో కలిసి వచ్చిందో నాకు తెలియదు.

ఆయన గుంటూరులో కంప్యూటర్లు బాగుచేసే షాపులో పనిచేసేవారు. మాట విషయంలో మహా పొదుపరి. పెళ్ళిచూపుల్లో మమ్మల్ని విడిగా మాట్లాడుకోమని డాబా మీదికి పంపితే, నేను చీర కొంగు మెలిపెడుతూ ఏం అడుగుతారో అని ఎదురుచూస్తుంటే, "మీ డీటీపీ సెంటర్లో ర్యామ్ ఎంత?" అని అడిగారు. ఒళ్ళు మండిపోయింది. కిందికొచ్చి ఈ సంబంధం వద్దని చెబుదామనుకున్నాను. మెట్ల మీద నా చెప్పు జారితే వంగి తీసి ఇచ్చారు, ఆ ఒక్కదానికి ఆగిపోయాను.

మాట్లాడమంటే మాట్లాడరు గానీ, పని చేసేటప్పుడు మాత్రం కొట్టే ప్రతి కమాండూ పైకి అనుకుంటూ కొట్టడం ఆయన అలవాటు. మిర్చి యార్డు చుట్టుపక్కల కమిషన్ కొట్ల సీపీయూలు షాపుకి వస్తుంటాయి కదా, అక్కడ చూసే తీరుబడి లేకపోతే ఇంటికి తెచ్చేవారు. సాయంత్రం డాబా మీద మూత విప్పి బ్లోయర్ కొడితే ఎర్రటి దుమ్ము లేచేది. ఆయన తుమ్ము, వెంటనే నా తుమ్ము, మళ్ళీ ఆయన తుమ్ము. కొత్త మొగుడూ పెళ్ళాలం కడుపుబ్బ నవ్వుకున్నది మొదటిసారి అప్పుడే. కింద నుంచి మా అత్తగారు "ఏంట్రా ఆ గోల?" అని కేకేస్తే ఇద్దరం నోళ్ళు మూసుకున్నాం.

ఆ కారం ఘాటుకి కంప్యూటర్లో ముందు చచ్చేది సీడీ డ్రైవే. లెన్సు మీద సన్నటి పొర పేరుకుంటుంది, ఎంత తుడిచినా మళ్ళీ అంతే. అందుకని ఆయన సీడీల్ని నమ్ముకోవడం మానేసి, పెన్ డ్రైవ్ నుంచే సిస్టమ్ లేచేలా తయారుచేసుకునేవారు. ఊరికే ఫైళ్ళు కాపీ చేస్తే సరిపోదు. నల్ల కిటికీ ఒకటి తెరిచి, అందులో కమాండ్లు ఒక వరసలో కొట్టాలి. నేను పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చునేదాన్ని. ఆయన చాలా సన్నగా, సంధ్యావందనం చేసుకునేవాళ్ళలా అనుకుంటూ పోయేవారు. లిస్ట్ డిస్క్. సెలెక్ట్ డిస్క్ వన్. క్లీన్. క్రియేట్ పార్టిషన్ ప్రైమరీ. సెలెక్ట్ పార్టిషన్ వన్. యాక్టివ్. ఆ తరవాత ఫార్మాట్, అసైన్.

"ఆ యాక్టివ్ అనేది కొట్టకపోతే ఏమవుతుంది?" అని అడిగాను ఒకసారి, ఏదో ఒకటి మాట్లాడించాలని.

"ఏమీ అవదు. ఫైళ్ళన్నీ అందులోనే ఉంటాయి. కంప్యూటర్ మాత్రం దాన్ని లెక్కచెయ్యదు, లేవదు" అన్నారు. అని, కీబోర్డు మీది నుంచి చెయ్యి తీసి, "నీకు బోర్ కొట్టట్లేదా?" అని అడిగారు. కొట్టట్లేదన్నాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కారం వల్ల కాదని నాకు బాగా తెలుసు.

ఆ ముక్కాలిపీట మీద నుంచి లేపి తీసుకొచ్చి నన్ను పర్చూరు దగ్గర మా ఊళ్ళో పడేశారు.

మా ఇల్లూ, నాన్న నడిపే పిండి మరా ఒకే ఆవరణలో ఉంటాయి. పిండి మర అంటాం గానీ ఎండాకాలం అంతా అందులో పడేది మిరపకాయలే. ఇంటి ముందు గదిలో పెళ్ళికి ముందు నేను పెట్టుకున్న డీటీపీ సెంటరు ఉంది. రెండు సిస్టమ్‌లు, ఒక ప్రింటరు. శుభలేఖలు, పురుగుమందుల కొట్ల కరపత్రాలు, బయోడేటాలు చేసేదాన్ని. పక్కనే కారం మర పెట్టుకుని మా ఇంట్లో సీడీ డ్రైవ్ బతికి బట్టకట్టిన పాపాన పోలేదు. పుట్టింటికొచ్చాక ఊరికే కూర్చోలేక మళ్ళీ సెంటరు తెరిచాను. అందరూ సంబరపడ్డారు, నేనూ సంబరపడ్డట్టే కనిపించాను.

ఫోను మాత్రం నాన్న దగ్గర ఒక్కటే. గుంటూరు నుంచి ఆయన రోజూ రాత్రి భోజనాల వేళకి చేసేవారు. ఇంట్లో అందరూ చుట్టూ ఉండగా ఏం మాట్లాడతాను? తిన్నారా, తిన్నాను, అత్తయ్యగారు బాగున్నారా, బాగుంది, వాన పడిందా, పడింది. నానమ్మ చెవులు రిక్కించుకుని వింటూ, "వానలు పడ్డాయో లేదో చెప్పటానికి ఇంత డబ్బు తగలెయ్యాలా?" అనేది. ఫోను నాన్నకిచ్చేసి పెరట్లోకి వెళ్ళి అంట్లు తోమేదాన్ని. తోమిన గిన్నే మళ్ళీ తోమేదాన్ని.

అలా ఉండగా, తెలుగు ఫాంట్లున్న సిస్టమ్ ఒకరోజు పొద్దున లేవనంది. కరెంటు వస్తూ పోతూ ఉండటంతో ఓఎస్ దెబ్బతింది. పాలెం చర్చి పాస్టరుగారు ఉజ్జీవ సభలకు పాటల కరపత్రాలు చేయమని ఇచ్చారు, అవన్నీ అందులోని డీ డ్రైవ్‌లో ఉన్నాయి. పర్చూరులో ఒక మెకానిక్ ఉన్నాడు గానీ, అతని చేతికి ఇస్తే డీ డ్రైవ్‌తో సహా తుడిచి చేతిలో పెడతాడు. పాస్టరుగారు మంచివారు. "కంగారు పడకమ్మా, సభలు పై వారం కదా" అని వెళ్ళిపోయారు. కంగారు పడింది మా నాన్న.

"అల్లుడుగారొచ్చి ఒక పూట కూచుంటే అయిపోద్ది" అన్నారు నాన్న.

నేను నానమ్మ వైపు చూశాను.

"ఆషాఢంలో అల్లుడు గడప తొక్కటం ఎట్టా కుదురుద్దిరా? నీకేమన్నా మతి పోయిందా?" అంది నానమ్మ.

నాన్న గడ్డం గోక్కుంటూ ఆవరణంతా చూశారు. "ఇంటి గడప తొక్కొద్దు. మరకి గడపెక్కడుందమ్మా? ఇనప షట్టరేగా. సిస్టమ్ తీసుకెళ్ళి మరలో పెడదాం. అల్లుడు అక్కడే కూచుని చేసుకుని అటే పోతాడు."

నానమ్మ లేచి వెళ్ళి, షట్టరు కింద నేలని నిజంగానే కాలితో తడిమి చూసొచ్చింది. "సరే. గడప లేదు కాబట్టి అది ఇంటి కింద లెక్క కాదు. మీ ఆవిడ మాత్రం అటు రాకూడదు. అత్తా అల్లుడూ మొహాలు చూసుకోకూడదు" అని తీర్పు చెప్పింది. మా ఇంట్లో ఆవిడ మాటకి తిరుగులేదు. నేను లోపలికి పరిగెత్తి, ఎందుకు పరిగెత్తానో తెలియక, బీరువా తెరిచి మూశాను.

నాన్న ఫోను చేశారు. ఆయన అంతా విని, "దీనికి రావడమెందుకు మావయ్యగారూ? ఓఎస్ ఎక్కించే ఫైళ్ళన్నీ మీ ఇంటికొచ్చినప్పుడే రెండో సిస్టమ్‌లో నేనే వేసి ఉంచా కదా. మా పెన్ డ్రైవ్ ఒకటి తన దగ్గరుంది. రేపు మధ్యాహ్నం ఫోన్లో చెబుతాను, తనే చేసేస్తుంది. అప్పటికీ కాకపోతే ఆదివారం వస్తాను" అన్నారట.

తనే చేసేస్తుందట! అరికాలి మంట నెత్తికెక్కింది. ఏం మనిషండీ? ఇక్కడ మా నానమ్మ చేత ఆషాఢానికి సందు పెట్టించాం, ఈయన షాపులో కుర్చీ వదలలేరు. రావాలని లేదేమో, నేనొక్కదాన్నే ఇలా అయిపోతున్నానేమో అనిపించింది. నెలన్నర కాపురంలో ఆ మనిషి నోటి వెంట నన్ను గురించి ఒక్క మాటైనా వచ్చిందా? రాలేదు. నేను ఆయన మీద పెట్టుకున్న ఆశంతా ఆ ముక్కాలిపీట మీద నాకు నేను అల్లుకున్నదేనా? అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికాను. పని అయిపోతే ఆయన రారు. కాకపోతే వస్తారు. ఆ రెండింటి మధ్యా నేను, నా చేతులతో నేనే చేయాలి.

మర్నాడు మధ్యాహ్నం నానమ్మ గోరింటాకు రుబ్బింది. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకోకపోతే ఊరుకుంటుందా? ఎడం చేతికి పెట్టడం పూర్తయ్యేసరికి ఫోను మోగింది. ఒక చేతినిండా ఆకు ముద్ద, రెండో చేత్తో కీబోర్డు కొట్టాలి. ఇక ఫోను ఎలా పట్టుకోను? నాన్న స్పీకరు ఆన్ చేసి మానిటరు పక్కన నిలబెట్టి మరలోకి వెళ్ళారు. నానమ్మ గోరింటాకు గిన్నె ఒళ్ళో పెట్టుకుని నా పక్కనే కూర్చుంది. అమ్మ గుమ్మంలో పప్పు చెరుగుతోంది. నా మొగుడు గొంతు గదంతా వినపడుతోంది.

"పెన్ డ్రైవ్ రెండో సిస్టమ్‌కి పెట్టావా?"

"పెట్టాను."

"నల్ల కిటికీ తెరువు. డిస్క్‌పార్ట్ అని కొట్టు. తెరుచుకుందా? ఇప్పుడు లిస్ట్ స్పేస్ డిస్క్."

ఒక్క చేత్తో వెతుక్కుంటూ కొడుతున్నాను. తెర మీద రెండు వరసలు వచ్చాయి.

"సైజు చూడు. పెద్ద అంకె హార్డ్ డిస్కు, చిన్న అంకె పెన్ డ్రైవు. పెద్దదాన్ని ముట్టుకున్నావంటే ఉన్న సిస్టమ్ కూడా పోద్ది. నిదానంగా చూసి చెప్పు."

"చిన్నది వన్ అని ఉంది."

"సెలెక్ట్ డిస్క్ వన్. తరవాత క్లీన్."

"ఏందే, అల్లుడు క్లీన్ అంటన్నాడు?" అంది నానమ్మ.

"పెన్ డ్రైవ్‌లో పాతదంతా తుడవమంటున్నారు నానమ్మా."

"అదేదో మీ అమ్మకి చెప్పమను, అటక మీద బూజు అట్టాగే ఉంది" అంది. అవతల ఆయన నవ్వాపుకున్న చప్పుడు వినిపించింది. పైకి నవ్వలేదు, ముక్కుతో గాలి వదిలారు. ఆ చప్పుడు నాకు తెలుసు. డాబా మీద మా అత్తగారు కేకేసినప్పుడు కూడా అలాగే నవ్వాపుకున్నారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఎంత చక్కగా చెబుతున్నారో. ఎక్కడ స్పేస్ ఇవ్వాలో, ఎక్కడ ఆగాలో, ఏం వస్తే ఏం చేయాలో ఒక్కటీ వదలకుండా చెబుతున్నారు. ఆ చక్కగా చెప్పడం చూస్తుంటే నా కడుపు మండిపోతోంది. కాస్త తప్పు చెప్పొచ్చుగా. కాస్త విసుక్కుని, ఇలా కాదులే నేనే వస్తానని అనొచ్చుగా. క్రియేట్ పార్టిషన్ ప్రైమరీ అన్నారు, కొట్టాను. సెలెక్ట్ పార్టిషన్ వన్ అన్నారు, అదీ కొట్టాను.

"కొట్టావా?"

"కొట్టాను."

అక్కడ ఆయన ఆగారు.

ఫోనులోంచి వాళ్ళ షాపు ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వస్తోంది. ఇంకేమీ రావట్లేదు. నేను తెర వైపు చూస్తూ కూర్చున్నాను. తరవాత ఏం కొట్టాలో నాకు తెలుసు. ఆ వరసంతా విని విని నాకు నోటికొచ్చేసింది. వేలు ఏ అక్షరం మీద పెట్టాలో అక్కడే పెట్టి ఉంచాను.

"లైను తెగిందా ఏందే?" అంది నానమ్మ.

"లేదు, ఉన్నాను" అన్నారాయన. మళ్ళీ కాసేపు ఏమీ లేదు. ఆ తరవాత నెమ్మదిగా, "ఇప్పుడు ఫార్మాట్ కొట్టు" అన్నారు.

నా వేలు ఆ అక్షరం మీదే ఉండిపోయింది. మర్చిపోయారా? ఎవరైనా కస్టమరొచ్చి మాట మధ్యలో వరస తప్పారా? నిద్రలో లేపి అడిగినా చెప్పే మనిషి. 'యాక్టివ్ కొట్టొద్దా?' అని నేను ఒక్క మాట అంటే చాలు. అంటే పని అయిపోతుంది, సిస్టమ్ లేస్తుంది, పాస్టరుగారి పాటలు ప్రింటవుతాయి, ఆదివారం ఖాళీగా వెళ్ళిపోతుంది. అనకపోతే? మర్చిపోవడం నిజమైతే, ఆయన రావడం నా కోసం కాదు, పని చెడినందుకు. అయినా సరే అనుకున్నాను. ఏ కారణానికి వస్తే ఏం, కళ్ళారా చూస్తాను కదా. ఆ వయసులో నాకున్న పౌరుషం ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ పౌరుషం ఆ క్షణాన ఎటు పోయిందో మరి.

వేలు తీసేశాను. ఆయన చెప్పినట్టే ఫార్మాట్ కొట్టాను.

మిగతాదంతా సాఫీగా సాగింది. ఫైళ్ళు కాపీ అవుతున్నంత సేపూ ఫోను పెట్టెయ్యొచ్చు, ఆయన పెట్టలేదు. నేనూ పెట్టమనలేదు. స్పీకరులో ఫ్యాను తిరుగుతూనే ఉంది. నానమ్మ నా కుడి చెయ్యి లాక్కుని గోరింటాకు పెట్టేసింది. ఇక చేసేదేమీ లేక అమ్మే వచ్చి పెన్ డ్రైవ్ తీసి పాడైన సిస్టమ్‌కి పెట్టి, నేను చెబుతుంటే మీటలు నొక్కింది. తెర నల్లగా ఉండిపోయింది. మూలన చిన్న గీత ఒకటి ఆరుతూ వెలుగుతూ ఉంది, అంతే.

"లేవలేదండీ" అన్నాను ఫోనులోకి. గొంతులో దిగులు నింపుకోవాలని ఎంత ప్రయత్నించానో.

"లేవలేదా" అన్నారు. ఆ మనిషి గొంతు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, అందులోంచి ఏం తెలుస్తుంది? "సరే అయితే. ఆదివారం వస్తానని మావయ్యగారికి చెప్పు."

అప్పటినుంచి ఆదివారం దాకా నేను నేల మీద నడిచానని చెప్పలేను. ఆదివారం పొద్దున్నే నాన్నా నేనూ సిస్టమ్‌లు రెండూ మరలోకి మార్చాం. షట్టరు దగ్గర నిలబడితే రోడ్డు మలుపు కనపడుతుంది. ఒకటికి పదిసార్లు మర ఊడ్చాను. మార్టూరు గ్రానైటు లారీ ఏదో అడ్డం పడి బస్సు ఆలస్యమైంది. దిగి నడిచి వస్తున్నప్పుడు చూస్తే చొక్కా చెమటకి తడిసి వీపుకి అంటుకుపోయింది, చేతిలో మా నానమ్మకి అరటిపళ్ళు. నల్లపాడులో రోజూ చూసిన మనిషే. అయినా చేతిలో చీపురు కింద పెట్టడం మర్చిపోయాను.

"బాగున్నావా?" అన్నారు.

"ఆఁ" అన్నాను. నాన్న పక్కనే ఉన్నారు.

మరలో మూలన బల్ల వేసి కూర్చోబెట్టాం. నాన్న అక్కడినుంచి కదలరు, అది ఆయన చోటు. మధ్యమధ్యలో బియ్యం పట్టించుకునేవాళ్ళు వస్తున్నారు. మర తిరిగినప్పుడు ఆ మోతలో మేం ఏం మాట్లాడుకున్నా ఎవరికీ వినపడదు. కానీ మాకూ వినపడదు. మర ఆగితే అందరికీ వినపడుతుంది. ఇంతకంటే చిత్రహింస ఉంటుందా? నేను ఆయన పక్కన నిలబడ్డాను, కూర్చోవడానికి పీట కూడా లేదు. ఆయన పెన్ డ్రైవ్ మళ్ళీ మొదటినుంచి తయారుచేస్తున్నారు. అలవాటు చొప్పున కమాండ్లు పైకి అనుకుంటున్నారు, మోతలో పెదవులు కదలడం మాత్రమే కనిపిస్తోంది. నేను ఆ పెదవుల్నే చూస్తున్నాను. సెలెక్ట్ పార్టిషన్ వన్. ఆ తరవాత ఏ మాత్రం ఆగకుండా, యాక్టివ్. వేళ్ళు ఆ అక్షరాల మీదికి వాటంతటవే వెళ్ళాయి. నా వైపు చూస్తారేమో అనుకున్నాను. చూడలేదు. చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి. మరలో కారం దుమ్ము ఎప్పుడూ ఉండేదే, దాన్ని పట్టుకుని నేనేం అనుకోను?

నానమ్మ అరిటాకులో భోజనం తానే మోసుకొచ్చింది. గోంగూర, ముద్దపప్పు, వడియాలు. ఇంటి గుమ్మం తలుపు వెనక అమ్మ నిలబడి అల్లుడు తింటున్నాడో లేదో తొంగి చూస్తోంది. చేతులు కడుక్కునేటప్పుడు నేను చెంబుతో నీళ్ళు పోశాను. అప్పుడు నా అరచెయ్యి చూసి, "బాగా పండింది" అన్నారు. అంతే. ఆ రోజు మొత్తానికి నాతో ఆయన మాట్లాడింది, బాగున్నావా, బాగా పండింది. సిస్టమ్ లేచింది. ఫాంట్లు ఎక్కించారు, డీ డ్రైవ్‌లో పాటలన్నీ భద్రంగా ఉన్నాయి. పొద్దు వాలకముందే బస్సుకి వెళ్ళిపోయారు. బస్సు మలుపు తిరిగాక కూడా నేను షట్టరు పట్టుకుని నిలబడి ఉంటే, నానమ్మ వచ్చి నా తల మీద చెయ్యి వేసి, "శ్రావణం ఎంతలో వత్తదే" అంది.

శ్రావణం వచ్చింది. ఆయనే వచ్చి తీసుకెళ్ళారు. ఆ తరవాత ఒకే ఇంట్లో, ఒకే గదిలో, ఎన్నేళ్ళో. ఇప్పుడు మాకు సొంత షాపుంది, పిల్లల చదువులున్నాయి, నా మోకాళ్ళ నొప్పులున్నాయి. ఆయన గొంతు నాకు రోజంతా వినపడుతుంది. పాలు తెచ్చావా, గ్యాస్ బుక్ చేశావా, తాళం ఎక్కడ పెట్టావు. ఇప్పుడు పెన్ డ్రైవ్ తయారుచేయడానికి కమాండ్లు కూడా అక్కర్లేదు. ఏదో సాఫ్ట్‌వేర్ వచ్చింది, ఒక్క నొక్కు నొక్కితే అదే చేసుకుంటుంది. ఆయన నొక్కి ఫోను చూసుకుంటారు. ఆ సన్నటి గొంతుతో అనుకోవడం ఎప్పుడు ఆగిపోయిందో నేను గమనించలేదు. మధ్యలో ఎన్నిసార్లు అడిగానో, "ఆ రోజు నిజంగా మర్చిపోయారా?" అని. "ఏ రోజు?" అంటారు. గుర్తుచేస్తే, "ఏమో, ఎవరికి గుర్తు" అంటారు. అడగడం మానేశాను. అడిగి ఆ మాట అనిపించుకోవడం కంటే తెలియకుండా ఉండటమే నయమనిపించింది.

మొన్న ఆషాఢంలోనే, మధ్యాహ్నం పూట, పక్కింటివాళ్ళ పాత సిస్టమ్ ఒకటి తెచ్చారు. ఆ సాఫ్ట్‌వేర్ దాని దగ్గర పనిచేయలేదు. ఆయన విసుక్కుని నల్ల కిటికీ తెరిచారు. నేను కింద చాప మీద కూర్చుని గోంగూర తుంచుతున్నాను. లిస్ట్ డిస్క్ అన్నారు. నా చేతులు ఆగిపోయాయి. ఎన్నేళ్ళయింది ఆ గొంతు విని. సెలెక్ట్ డిస్క్ వన్. క్లీన్. కళ్ళద్దాలు పైకి తోసుకుంటూ, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడుతున్నారు. క్రియేట్ పార్టిషన్ ప్రైమరీ. సెలెక్ట్ పార్టిషన్ వన్ అని, అక్కడ ఆగారు.

వయసు కదా, మర్చిపోయి ఉంటారు అనుకుని, "యాక్టివ్ కొట్టరా?" అన్నాను.

ఆయన కుర్చీలో ఇటు తిరిగి నన్ను చూశారు. "ఇప్పుడడుగుతున్నావా?" అన్నారు.

నాకు ముందు అర్థం కాలేదు. ఆయన ముక్కుతో గాలి వదిలి, "ఆ రోజు అడుగుతావేమోనని ఎంతసేపు ఆగానో. నీకు ఆ వరసంతా నోటికొచ్చుగా" అన్నారు.

"అడిగుంటే?"

"అడిగుంటే ఏముంది. నాతో పని లేదులే అనుకుని ఆదివారం షాపుకే పోయేవాణ్ణి."

అని, తెర వైపు తిరిగి కొట్టుకుంటూ పోయారు. యాక్టివ్. ఫార్మాట్. నేను ఒళ్ళో గోంగూర పెట్టుకుని ఆయన వీపు చూస్తూ కూర్చున్నాను. నాకు ఆయన్ని చూడాలనిపించింది. ఆ చెమట చొక్కాతో, చేతిలో అరటిపళ్ళతో మలుపు తిరిగి వస్తుంటే చూడాలని గుండె ఎంత కొట్టుకుందో చెప్పలేను. ఆయన ఎదురుగానే కూర్చుని ఉన్నారు.